పలకని అత్తతో పోట్లాట

పొద్దున్నే కింద లాండ్రీలో బాయిలర్ ఆన్ చేసి, ఆవిరి పట్టేలోగా మేడెక్కి అత్తకి ఒళ్లు తుడవడం కోడలికి అలవాటైపోయింది. వేడినీళ్ల బకెట్టు ఒక చేత్తో, తువ్వాళ్లు చంకలో, వీపు మీద పుండ్లు పడకుండా రాసే పూత ఇంకో చేత్తో పట్టుకుని, గది తలుపు భుజంతో తోసుకుని లోపలికి వచ్చింది. వస్తూనే మొదలుపెట్టింది.

"ఏం అత్తమ్మా, బారెడు పొద్దెక్కినా పడకేనా? నేను పావుగంట ఆలస్యంగా లేస్తే వీధంతా చాటింపు వేసేవారు కదా, ఇప్పుడు మీ సంగతేంటి? ఊఁ, చెయ్యి వదులు చెయ్యండి. ఇంత బిగుసుకుంటే ఎలా? బతికినన్నాళ్లూ నాతో పంతమే. ఇప్పుడు ఈ మోచేతికి కూడా నాతో పంతమా!"

ముడుచుకుపోయిన ఎడమచేతిని పట్టి చాపుతూ ఇంకా ఏదో అనబోయేంతలో వెనక నుంచి గొంతు వినిపించింది.

"బతికినన్నాళ్లూ ఏంటి వదినా? మా అమ్మ చచ్చిపోయిందా?"

గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది. భుజాన సంచి ఇంకా దించలేదు. ఇంట్లో అందరూ చిట్టి అని పిలిచే ఆ పిల్ల వేరే ఊళ్లో టికెట్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేస్తుంది. నెలకోసారి వచ్చి తల్లిని చూసి పోతుంది. ఈసారి చెప్పకుండా వచ్చింది.

కోడలు వెనక్కి తిరిగింది. చేతిలోని తువ్వాలు నీళ్లు కారుతూనే ఉంది.

అత్త ఆ లాండ్రీ కౌంటర్ వెనక ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి. చొక్కా విప్పి వెలుతురుకి పట్టిందంటే అది ఇంకు మరకో, నూనె మరకో, దాచాలనుకున్న మరకో చెప్పేసేది. పనిలో ఎంత నేర్పో నోటిలో అంత కారం. ఇస్త్రీ బల్లకి ఇటు కోడలు, అటు అత్త నిలబడి కాలర్ ముందా కఫ్ ముందా అని పోట్లాడుకుంటుంటే, బట్టలకి వచ్చినవాళ్లు పని అయిపోయినా ఇంకాసేపు ఆగి వినిపోయేవారు. అలాంటి మనిషి పోయిన చలికాలంలో దుప్పట్లు మడతపెడుతూ మడతపెడుతూ అలాగే పక్కకి ఒరిగిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. జుట్టంతా తీసేసి ఆపరేషన్ చేశారు. వారాల తరబడి కళ్లు తెరవలేదు.

తెరిచిన రోజు ఇల్లంతా ఎగిరి గంతేసింది. కానీ ఆ కళ్లు తెరుచుకున్నాయే తప్ప దేన్నీ చూడలేదు. "కళ్లు తెరవడం వేరు, తెలివి ఉండటం వేరు," అన్నారు పెద్దాసుపత్రి వాళ్లు. "ఒంటికి నిద్రా మెలకువా వస్తూ పోతూ ఉంటాయి. చుట్టూ ఏం జరుగుతోందో తెలిసే సూచన మాత్రం కనబడటం లేదు." ముక్కులోంచి ఆహారం వెళ్లే గొట్టం పెట్టి, ఎలా తిప్పాలో, ఎలా తుడవాలో నేర్పి ఇంటికి పంపారు.

మొదట్లో కోడలూ అందరిలాగే మెత్తగా మాట్లాడింది. "అత్తమ్మా, నేనండీ" అంటూ తల నిమిరేది. కానీ పదకొండేళ్లలో వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు అలా మాట్లాడుకున్న పాపాన పోలేదు. ఆ గదిలో ఆ మెత్తని గొంతు తనదే అయినా ఎవరో పరాయివాళ్లదిలా వినిపించి భయం వేసేది. ఒకరోజు గొట్టం జారిపోయి దుప్పటంతా పాలతో తడిసిపోతే విసుగొచ్చి, "చూడండి, మళ్లీ పని పెట్టారు!" అని గట్టిగా అరిచేసింది. అరిచాక కూర్చుని ఏడ్చింది. ఏడ్చాక ఎందుకో ఇల్లు మళ్లీ ఇల్లులా అనిపించింది. అప్పట్నుంచి తిడుతూనే చాకిరీ చేస్తోంది.

ఇదంతా చిట్టికి ఎలా చెప్పడం?

"నోరు లేని మనిషిని పట్టుకుని ఇన్ని మాటలంటావా? చెయ్యి విరిచేస్తావా?" చిట్టి తల్లి మంచం దగ్గరకొచ్చి చేతిని లాక్కుంది. "నేను లేనప్పుడు రోజూ ఇదేనన్నమాట!"

"అది కాదు చిట్టీ... కీళ్లు బిగుసుకుపోకుండా చాపమన్నారు..."

"తిడుతూ చాపమన్నారా?"

ఈ గొడవకి డ్యూటీకి తయారవుతున్న భర్త వచ్చాడు. అతను సిటీ బస్సు నడుపుతాడు. యూనిఫాం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"అన్నయ్యా, అమ్మని నేను తీసుకెళ్లిపోతా. మా ఊళ్లో ఇలాంటివాళ్లని చూసుకునే చోటుంది, మాట్లాడొచ్చాను. కనీసం అక్కడ తిట్టరు."

"దాని చాకిరీ నీకేం తెలుసు? రాత్రుళ్లు లేచి లేచి పక్కకి తిప్పుతుంది. నీ చేతనైతే ఒక్క వారం చెయ్యి."

"చేస్తా! అమ్మకి నేనెవరో తెలుసు. పోయిన నెల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కంట్లోంచి నీళ్లు కూడా కారాయి. మీరెవరూ నమ్మరు. అందుకే ఒక డాక్టరమ్మని రమ్మన్నా. తెలివి ఉందో లేదో పరీక్ష చేసేదే ఆవిడ పని. మధ్యాహ్నం వస్తోంది."

"ఇంకో డాక్టరా?" అతని గొంతు ఉన్నట్టుండి పెద్దదైంది. నెలల తరబడి అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. "ఎన్నాళ్లు చిట్టీ ఈ చెవిటివాడి ముందు శంఖం? అమ్మ లేదు. ఆ రోజే పోయింది. ఇక్కడున్నది ఒట్టి శరీరం. ఆ రోజే పూర్తిగా పోయినా బాగుండేది. అమ్మకీ సుఖం, మనకీ సుఖం!"

మంచం మీద అత్త కళ్లు పైకప్పు వైపు తెరుచుకుని ఉన్నాయి. అతను ముఖం తుడుచుకుని, టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

*

డాక్టరమ్మ పొట్టిగా, నెమ్మదిగా ఉంది. ఏ తొందరా లేనట్టు ముందు కిటికీ తెర తీసింది. అత్తని దిండ్ల ఊతతో కూర్చోబెట్టించింది. భుజాల నుంచి కాళ్ల దాకా కండరాలు గట్టిగా నొక్కుతూ వచ్చింది.

"ఇప్పుడు పూర్తిగా మేల్కొంటుంది. నిద్రమత్తులో ఉన్న మనిషిని పరీక్ష చేస్తే ఎవరైనా తప్పుతారు," అని నవ్వింది.

చప్పట్లు కొట్టింది. పేరు పెట్టి పిలిచింది. కిందకి చూడండి, నోరు తెరవండి అని మెల్లగా చెప్పి ప్రతిసారీ చాలాసేపు ఎదురుచూసింది. అత్తలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. తర్వాత చిట్టిని పిలిచింది.

చిట్టి తల్లి అరచేతిలో తన వేళ్లు పెట్టింది. "అమ్మా, నీ చిట్టినే. నా చెయ్యి పట్టుకో అమ్మా." అత్త వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి.

"చూశారా! చూశారా!" చిట్టి కళ్లు వెలిగిపోయాయి.

డాక్టరమ్మ చిట్టి వేళ్లు విడిపించి, ఆ అరచేతిలో తన పెన్ను పెట్టింది. వేళ్లు దాని చుట్టూ కూడా అలాగే, అంతే గట్టిగా ముడుచుకున్నాయి. "ఇప్పుడు వదలండి అమ్మగారూ," అంది. వదల్లేదు. మళ్లీ చెప్పింది. వదల్లేదు.

"పసిపిల్లల అరచేతిలో ఏది పెట్టినా పట్టేసుకుంటారు కదమ్మా, ఇదీ అంతే. మనిషి ఆలోచించి చేసే పని కాదు, ఒళ్లు దానంతటది చేస్తుంది. కన్నీళ్లూ అంతే. ఒక్కోసారి బాధతో వస్తాయి, ఒక్కోసారి ఊరికే వస్తాయి. వాటిని నేను లెక్కలోకి తీసుకోలేను."

చిట్టి ఆ పెన్ను వైపే చూస్తూ ఉండిపోయింది. నెల రోజులుగా కొండంత ఆశ పెట్టుకున్న పట్టు అది. గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుంది. పొద్దున్నించి ఆమె మీద ఉన్న కోపం కోడలి మనసులోంచి ఎటుపోయిందో పోయింది.

"అయితే ఇక లేనట్టేనా?" కోడలే అడిగింది.

"ఇవాళ నాకు కనబడలేదు, అంతవరకే చెప్పగలను. ఇలాంటివాళ్లలో తెలివి గాలిలో దీపంలా ఉంటుంది. ఒక పూట ఉంటుంది, ఒక పూట ఉండదు. ఒక్కసారి చూసి లేదనేస్తే తప్పు మనది అవుతుంది. మళ్లీ మళ్లీ చూడాలి. రోజూ దగ్గరుండేది మీరు కదా. ఎప్పుడైనా మీకేమైనా తేడాగా అనిపించిందా? తప్పో ఒప్పో, మొహమాటపడకుండా చెప్పండి."

కోడలు చిట్టి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "పొద్దున్న ఒళ్లు తుడిచాక... ఒక్కోసారి... కళ్లు నా వైపు తిరిగినట్టు అనిపిస్తుంది. నా భ్రమ అనుకున్నా."

"ఏం చేస్తున్నప్పుడు?"

"తిడుతున్నప్పుడు."

అన్నాక ప్రాణం చచ్చిపోయినంత పనైంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కుర్చీ దగ్గరకి జరుపుకుంది. "ఎలా తిడతారు? ఏదైనా చెయ్యమనా, ఊరికేనా?"

"మేం... మొదట్నుంచీ అంతేనండీ. ఆవిడా నన్ను తిడుతుంది. తిట్టేది."

"రేపు పొద్దున్నే వస్తాను. అదే వేళకి," అంది డాక్టరమ్మ లేస్తూ.

*

మర్నాడు ఒళ్లు తుడవడం అయ్యేసరికి ఆమె వచ్చింది. చిట్టి రాత్రంతా తల్లి గదిలోనే నేల మీద పడుకుంది. అర్ధరాత్రి తిప్పేటప్పుడు వదినకి సాయం పట్టింది గానీ మాట కలపలేదు. అన్న తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్లిపోయాడు. ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లాడు.

అత్తని కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ ముందుగా సంచిలోంచి ఒక అద్దం తీసి ఆమె ముఖానికి ఎదురుగా పట్టింది.

"ఎవరి వెంటా తిరగని కళ్లు కూడా ఒక్కోసారి అద్దంలో తమ ముఖం వెంట తిరుగుతాయి," అంది.

అద్దాన్ని కుడివైపుకి మెల్లగా జరిపింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత, నీళ్లలో ఏదో తేలి కదిలినట్టుగా, అత్త కళ్లు అద్దంతో పాటు కుడివైపుకి కదిలాయి. డాక్టరమ్మ ఎడమకి తెచ్చింది. ఎడమకి వచ్చాయి. పైకి ఎత్తింది. పైకి వెళ్లాయి. మళ్లీ మొదట్నుంచి చేసింది.

చిట్టి రెండు చేతులతో నోరు నొక్కుకుంది. కోడలు మాత్రం ఒక్కసారిగా ముందుకొచ్చి అద్దానికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

"చాలండీ, తీసెయ్యండి!"

"ఏమైందమ్మా?"

"జుట్టు..." కోడలు అద్దం మీంచి చెయ్యి తియ్యలేదు. "ఆవిడ జుట్టు నడుం దాకా ఉండేదండీ. ఎంత పని ఉన్నా దువ్వుకోకుండా కౌంటర్ దగ్గరకి వచ్చేది కాదు. ఇలా అయ్యాక అద్దం చూపించలేదు మేము. ఇప్పుడు చూసుకుంది. నెలనెలా మేం గీయిస్తున్న ఈ బోడితల చూసుకుంది."

డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టేసింది. తర్వాత గదిలో చుట్టూ చూసి, "ఆవిడ చేత్తో వాడిన వస్తువేదైనా తెస్తారా?" అని అడిగింది. చిట్టి పరుగున కిందకి వెళ్లి మరకలు రుద్దే బ్రష్షు తెచ్చింది. డాక్టరమ్మ ఒక చేత్తో బ్రష్షూ, ఇంకో చేత్తో మంచం పక్కనున్న టీ కప్పూ ఎత్తి పట్టుకుంది.

"అమ్మగారూ, బ్రష్షు వైపు చూడండి."

కళ్లు కదల్లేదు. చిట్టి అడిగింది. కొద్దిగా కదిలి మధ్యలో ఆగిపోయాయి.

"ఇప్పుడు మీరు అడగండమ్మా. రోజూ ఎలా మాట్లాడతారో అలాగే."

"నలుగురిలో అత్తని తిట్టమంటారా?" కోడలు వెనక్కి తగ్గింది. "నా వల్ల కాదండీ."

అప్పుడు చిట్టి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో, చిన్నగా అంది. "తిట్టు వదినా."

కోడలు కొంగుతో ముఖం తుడుచుకుని అత్త ఎదురుగా నిలబడింది.

"అత్తమ్మా! ఎవడో తెల్లచొక్కా జేబు నిండా ఇంకు కక్కించుకుని తెచ్చాడు. మీరేమో దర్జాగా కుర్చీలో కూర్చున్నారు. నేను వేణ్ణీళ్లు పోసి బరబరా రుద్దేస్తా. మరక కరుచుకుంటే కరుచుకోనీ. చొక్కా పాడైతే పాడవనీ. మీకేం పట్టింది? పట్టకపోతే ఊరుకోండి. పడితే మాత్రం బ్రష్షు ఎక్కడుందో చూడండి!"

అత్త కనుబొమల మధ్య సన్నటి ముడత పడింది. కళ్లు మెల్లగా, ఎంతో బరువు లాగుతున్నట్టుగా కదిలి, కప్పుని దాటి, బ్రష్షు మీద ఆగాయి.

డాక్టరమ్మ చేతులు మార్చింది. "మళ్లీ అడగండి."

కళ్లు ఇటు వచ్చాయి. మళ్లీ మార్చింది. ఈసారి రాలేదు. కాసేపు ఆగి మళ్లీ అడిగించింది. వచ్చాయి. అలా చాలాసార్లు చేశాక, అత్త రెప్పలు అలసటతో వాలిపోయాక, డాక్టరమ్మ చేతులు దించింది.

"ఒక్కసారైతే గాలివాటం అనుకోవచ్చు. ఇన్నిసార్లు కాదు. మీరేం అడుగుతున్నారో ఆవిడకి తెలుస్తోంది. పూర్తిగా కాదు, ఎప్పుడూ కాదు. కానీ ఉంది. ఆవిడ అక్కడ ఉంది."

చిట్టి తల్లి కాళ్ల మీద పడిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలికి వేరే మాట తోచింది.

"డాక్టరమ్మా, అయితే... నొప్పి కూడా తెలుస్తుందా?"

"తెలుస్తుందనే అనుకోవాలి. ఇక నుంచి చెయ్యి చాపే ముందు నొప్పి మందు ఇద్దాం."

నెలల తరబడి ప్రతి పొద్దూ తాను ఆ చెయ్యి ఎలా లాగిందో కోడలికి గుర్తొచ్చింది. ఒక్కరోజు, ఒక్కసారైనా, "నొప్పిగా ఉందా అత్తమ్మా" అని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. బకెట్టు పక్కన నేల మీద కూలబడి, ముఖం మోకాళ్లలో దాచుకుంది.

"మీరు అలా చాపి ఉండకపోతే ఆ చెయ్యి ఇప్పటికి పూర్తిగా బిగుసుకుపోయేది," అంటూ డాక్టరమ్మ ఆమె పక్కనే కూర్చుంది. "ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఆశ పెట్టుకోండి, కానీ హద్దులో పెట్టుకోండి. లేచి తిరుగుతుందని, కౌంటర్ దగ్గర నిలబడుతుందని నేను చెప్పలేను. ఇంతకంటే మెరుగవ్వచ్చు. ఇదే మిగలొచ్చు కూడా."

"నా గొంతుకి ఎందుకు పలకలేదు?" చిట్టి తలెత్తకుండానే అడిగింది. "నేనంటే ప్రాణం కదా అమ్మకి."

"ఇది ప్రేమకి కొలత కాదమ్మా. రోజూ చెవిన పడే గొంతుకి మెదడు తొందరగా మేల్కొని ఉంటుంది. ఎందుకో నేను కూడా ఖచ్చితంగా చెప్పలేను. మీరూ మాట్లాడుతూ ఉండండి."

డాక్టరమ్మ వెళ్లాక గదిలో వదినా ఆడపడుచులిద్దరే మిగిలారు. కింద బాయిలర్ ఈల వేస్తున్నా ఎవరూ లేవలేదు. చాలాసేపటికి చిట్టి జరిగి వచ్చి కోడలి భుజం మీద తల ఆనించింది.

"తీసుకెళ్లిపోతానన్నా. ఎక్కడికి తీసుకెళ్లను వదినా? నువ్వు లేని చోట అమ్మ ఎవరి మాటకి కళ్లు తిప్పుతుంది?"

"నువ్వన్నదీ నిజమేలే. నోరు లేని మనిషిని తిట్టాను."

"తిట్టకపోతే ఉందని తెలిసేదే కాదు." కళ్లు తుడుచుకుంది. "నెలకో వారం సెలవు పెట్టి వస్తా. ఆ వారం నువ్వు పడుకో. రాత్రి చూశాను కదా, నువ్వు నిలబడే నిద్రపోతున్నావు."

*

సాయంత్రం భర్త వచ్చేసరికి చిట్టి మెట్ల మీదే ఎదురెళ్లి అంతా చెప్పింది. అతను చివరి మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ, విప్పుతూ ఆగిపోయాడు.

"నిన్న పొద్దున్న నేనన్నది..." అన్నాడు. "వినబడిందంటావా?"

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "తెలీదండీ. నేనూ అడిగాను. ఏ పూట ఏది వినబడిందో ఎవరూ చెప్పలేరట."

అతను లేచి, ఒక కాలికి బూటు ఉండగానే గదిలోకి నడిచాడు. అత్త మెలకువగానే ఉంది. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని ఆ ముఖంలోకి చూశాడు. నెలల తర్వాత చూడటం అదే. ఇన్నాళ్లూ మందులు తెచ్చాడు, దిండ్లు సర్దాడు, ఆసుపత్రులకి మోసుకెళ్లాడు. ముఖంలోకి మాత్రం చూడలేదు.

"అమ్మా, నేను. పెద్దోణ్ణి." ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నిన్న... నేను... అలా అనలేదమ్మా. అన్నాను. అన్నాను గానీ..."

తల్లి ఒడిలో తల పెట్టి ఏడ్చాడు. చిట్టీ కోడలూ గుమ్మంలోంచి కదల్లేదు. అత్త కళ్లు కిటికీ వైపు ఉన్నాయి. అతని వైపు తిరగలేదు. అతను తలెత్తి చూశాడు, ఎదురుచూశాడు, మళ్లీ చూశాడు. తిరగలేదు.

"కోపం వచ్చిందేమో," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"అలిసిపోయిందండీ, పొద్దున్నించి," అంది కోడలు. దగ్గరకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. "రేపు మళ్లీ అడుగుదురు గాని. ఇప్పుడు ఊరికే ఏదైనా చెప్పండి."

"ఏం చెప్పను?"

"ఇవాళ బస్సులో ఏం జరిగిందో చెప్పండి. పదకొండేళ్లు రోజూ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పేవారు కదా."

అతను చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత బొంగురు గొంతుతో, "ఇవాళ ఒకావిడ ఎక్కిందమ్మా," అని మొదలుపెట్టాడు. "దిగాల్సిన చోట దిగకుండా నిద్రపోయింది. లేపితే నన్నే తిట్టింది, ముందే ఎందుకు లేపలేదని..."

అత్త రెప్పలు వాలాయి. నిద్రపోయిందో, కళ్లు మూసుకుని వింటోందో ఎవరికీ తెలియలేదు. అతను ఆపలేదు.